మిర్చి కళ్లం అయ్యాక చూద్దామంటే చింతపండు ఆగదు

మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తోంది. పిడుగురాళ్ల నుంచి అటు దాచేపల్లి దాకా, ఇటు కారంపూడి దాకా ఎవరిని కదిపినా మాట మిర్చి చుట్టే తిరుగుతుంది. కోతకు కూలీలు దొరికారా, కళ్లంలో కాయ ఎండిందా, గుంటూరు యార్డులో ధర ఎంత పలికింది. ఆ హడావుడిలో గట్టు మీది చింతచెట్టు వైపు తలెత్తి చూసేవాళ్లు లేరు. కిందటి వారం ఒక పొలం దగ్గర ఆగి, "కాయ పండింది కదా, దింపవా?" అని అడిగాను. ఆ రైతు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, "మిర్చి కళ్లం లేవనీ బాబాయ్, అదెక్కడికి పోతుంది" అన్నాడు. చెట్టు ఎక్కడికీ పోదు. కాయలో గుజ్జు పోతుంది, రంగు పోతుంది, వాటితోపాటు ధరా పోతుంది. అందుకే ఈసారి సలహాలన్నీ చింత మీద.

పచ్చడికి పచ్చికాయ మార్గశిరంలోనే దించుకున్నారు. పుష్యంలో దోరపడి, ఇప్పుడు పండుతోంది. పండిందో లేదో రంగు చూసి చెప్పడం కష్టం, గోధుమరంగు పెంకు లోపల పచ్చిగా ఉండే కాయలూ ఉంటాయి. గుజ్జు పండి నీరు ఇంకితే పెంకును వదిలేస్తుంది. అప్పుడు కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల కదిలిన చప్పుడు వినిపిస్తుంది, వేలితో నొక్కితే పెంకు చిట్లుతుంది. చెట్టుకు నాలుగు వైపులా నాలుగేసి కాయలు ఇలా చూడండి. ఎక్కువ కాయలు చప్పుడు చేస్తే ఇక ఆగొద్దు. కాయంతా ఒకేసారి పండదు కాబట్టి రెండు మూడు విడతలుగా దించాలి.

దించేటప్పుడు మనవాళ్లు చేసే పెద్ద తప్పు గెడ కర్రతో బాదడం. చింతకు పూత కొత్త చిగురు వేసిన రెమ్మల మీదే వస్తుంది. చివరి రెమ్మలు విరగ్గొట్టామంటే వచ్చే ఏడు కాపును ఇప్పుడే కింద పడేసినట్టు. అసలే చింతది ఒక ఏడు విరగకాసి మరో ఏడు తగ్గే స్వభావం, దానికి మన కర్ర కూడా తోడైతే చెప్పేదేముంది. కొమ్మ పట్టి ఊపితే పండిన కాయ రాలుతుంది. రాలనిది దోటితో తొడిమ దగ్గర లాగండి. పొలం మీదుగా కరెంటు తీగ పోతుంటే ఆ వైపు కొమ్మల జోలికి ఇనుప దోటితో పోవద్దు. లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే మనిషిని చెట్టెక్కించండి.

కింద పరిచే పట్టా గురించి ఒక మాట. మిర్చి ఎండబోసిన పట్టానే దులిపి తెచ్చి చెట్టు కింద పరుస్తారు. ఎంత దులిపినా ఆ కారం పొడి పోదు. తర్వాత కాయ కొట్టడానికి కూర్చున్న ఆడవాళ్లు ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఆ పూటకు పని అంతే సంగతులు. పాత చీరలు కుట్టిన దుప్పటో, వేరే పట్టానో వాడండి.

కూలీలు దొరకడం లేదన్నది నిజమే. అయితే దించడమూ కొట్టడమూ ఒకే రోజు చేయాల్సిన పనులేం కాదు. కాయ దించడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. దించిన కాయను మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పోస్తే పెంకు పెళుసెక్కి తేలిగ్గా విడిపోతుంది. తర్వాత పెంకు తీసి, ఈనెలు లాగి, పిక్క కొట్టే పని ఇంటి దగ్గర మధ్యాహ్నాలు, రాత్రిళ్లు నీడపట్టున సాగుతుంది. మిర్చి కోతకు పోయి వచ్చినవాళ్లు కూడా కిలోకు ఇంత అని మాట్లాడుకుని చేస్తారు. ఉగాది లోపు మాత్రం ముగించాలి. పండక్కి పచ్చడిలో కొత్త చింతపండే పడాలంటారు కదా, ఆ లెక్క రైతుకూ పనికొస్తుంది. ఉగాది దాటితే అకాల వానలు మొదలవుతాయి. తడిసిన కాయ లోపల బూజు పడుతుంది, గుజ్జు నల్లబడుతుంది.

ఎండబోసే చోటు విషయంలో పిడుగురాళ్ల రైతుకు మిగతా ఊళ్లవాళ్లకు లేని చిక్కు ఒకటి ఉంది. మనది సున్నం ఊరు. బట్టీల నుంచి గాలికి లేచే తెల్లదుమ్ము ఎక్కడ వాలుతుందో మీకు తెలియంది కాదు. చింతపండు పులుపంతా టార్టారిక్ ఆమ్లం. గుజ్జులో అది నూటికి 8 నుంచి 18 పాళ్ల దాకా ఉంటుంది. సున్నం తగిలిందంటే ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పెంకుతో ఉన్న కాయకు ఫర్వాలేదు. పిక్క తీసిన పండును మాత్రం బట్టీ గాలి వచ్చే వైపు ఆరబెట్టకండి. పులుపు తగ్గిందని కొనేవాడు నోట్లో వేసుకోగానే కనిపెడతాడు.

ఇక పురుగు. చెట్టు మీద పండి వేలాడే కాయకు చిన్న గుండ్రటి కన్నం కనిపిస్తే, లోపల పిక్క తిని పురుగు బయటికి వచ్చిందని అర్థం. శాస్త్రజ్ఞులు కారియెడాన్ సెర్రటస్ అని పిలిచే ఈ పుచ్చు పురుగుకు చింతకాయే పుట్టినిల్లు. అది చెట్టు మీదే గుడ్డు పెట్టి, కాయతోపాటు ఇంట్లోకి వస్తుంది. వచ్చి ఊరుకోదు, పక్కన నిలవ ఉన్న వేరుశనగ కాయను పట్టుకుంటుంది. వేరుశనగ నిలవలో బాగా నష్టం చేసే పురుగు ఇదే. విత్తనం కోసం దాచిన వేరుశనగ బస్తాల గదిలో పెంకు తీయని చింతకాయ గోనెలు వేసే అలవాటు ఉంటే ఈ ఏడే మానండి. పండిన కాయను చెట్టు మీద వదిలేస్తే ఈ పురుగుకు ఇంకో తరం పెంచుకునే వీలు ఇచ్చినట్టే. దీనికోసం చెట్టుకు మందు కొట్టొద్దు. వేళకు దించి, పిక్క తీసి, రాలిన పుచ్చుకాయలు ఏరి తగలబెడితే చాలు.

పిక్క తీసిన పండును ఒక రోజు ఎండనిచ్చి, ఇంటి వాడకానికైతే గల్లుప్పు చల్లి జాడీలో అదిమిపెట్టండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. చింతపండుతో చెంబు తోమితే తళతళలాడేది పులుపు లోహాన్ని కాస్త తినేస్తుంది కాబట్టే, నెలల తరబడి ఉంచితే ఏమవుతుందో ఊహించుకోండి. అమ్మకానికైతే గాలి చొరని ప్లాస్టిక్ పొరలో బిగించి, తేమ లేని గదిలో నేలకు తగలకుండా పెట్టాలి. వానాకాలం తేమకు పండు చెమర్చి నల్లబడుతుంది. రంగు నిలవాలంటే శీతల గిడ్డంగే దారి. మిర్చి బస్తాలు పెట్టే కోల్డ్ స్టోరేజీలో వాసన అంటకుండా వేరే గది దొరుకుతుందేమో ముందే అడగండి.

అమ్మకం లెక్కకు వద్దాం. చాలామంది చెట్టు మీద కాయను గుత్తకు ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. గుత్తదారు వచ్చి కిందనుంచి ఓ చూపు చూసి ధర చెబుతాడు, మనం ఓ మాట పెంచమంటాం, అయిపోయింది. ఇచ్చే ముందు కనీసం ఈ లెక్క వేయండి. బాగా ఎదిగిన నాటు చెట్టు కాపు ఏట క్వింటాలున్నర, రెండు క్వింటాళ్ల కాయ ఇస్తుంది. వంద కిలోల కాయలో గుజ్జు 55, పిక్క 34, పెంకూ ఈనెలూ 11 అని పుస్తకాల లెక్క. మన నాటు చెట్లకు గుజ్జు అంతకంటే తక్కువే వస్తుంది, 40 అనుకోండి. ఆ లెక్కన చెట్టుకు వచ్చే గుజ్జును ఈనాటి బజారు ధరతో గుణించి, దింపుడు కూలి, కొట్టుడు కూలి తీసేసి, మిగిలిందాన్ని గుత్తదారు చెప్పిన మాటతో పోల్చుకోండి. రాష్ట్రంలో చింతపండుకు పేరున్న మార్కెట్ హిందూపురం. అక్కడ కరిపులి ఒక రకం, ఫ్లవర్ ఒక రకం అని విడదీసి, కరిపులికి పై ధర వేస్తారు. ఏజెన్సీలో గిరిజనుల దగ్గర గిరిజన సహకార సంస్థ కొంటుంది. మనకు ఆ వసతి లేదు కాబట్టి, పండు శుభ్రంగా ఉంచడమే బేరంలో మన బలం. ఈనెలు, పెంకు ముక్కలు కలిసిన పండు, నల్లబడిన పండు వేరే తీసి, మంచిదాన్ని విడిగా చూపించండి.

పిక్కలను పారబోయకండి. వేయించి పొట్టు తీసి ఆడించిన పొడిని బట్టల మిల్లుల్లో నూలుకు గంజిగా వాడతారు. కొండపల్లి బొమ్మల అతుకులకు పెట్టే మక్కు రంపపు పొట్టు, చింతపిక్కల పిండి కలిపి చేసేదే. అష్టాచెమ్మాకు అరగదీసిన పిక్కలు ఇంట్లో పిల్లలకు నాలుగు మిగల్చండి, సెల్‌ఫోను ఓ గంట పక్కన పెడతారు.

ఇప్పుడు కొత్త మొక్కల సంగతి. నాటడం తొలకరికే అయినా ఆలోచించి గుంత తీయాల్సింది ఎండల్లోనే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది నన్ను, "మిర్చి తీసేసి ఏం వేయమంటావు?" అని అడిగారు. మిర్చి తీసేసి చింత వేయమని నేను చెప్పను. సాగర్ కుడి కాలువ నీళ్లు పారే నల్లరేగడిలో చింతతోపు వేయడం తెలివైన పని కాదు, నీరు నిలిచే చోట అది బతకదు కూడా. కానీ ప్రతి రైతుకూ పొలం కొసన నాగలి దిగని ముక్క ఒకటి ఉంటుంది. కింద నాపరాయి, పైన సుద్ద. అక్కడ బత్తాయి, నిమ్మ పెడితే సుద్దకు ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది. చింత ఆ నేలను ఓర్చుకుంటుంది, వేరు రాతి సందుల్లోకి దింపుకుంటుంది. అలాంటి ముక్కలో నాలుగు చెట్లు పెట్టమనే నా మాట.

మీటరు పొడవు, వెడల్పు, లోతున గుంత తీయండి. నాపరాయి పలక అడ్డొస్తే పగలగొట్టి నీరు కిందికి ఇంకేలా చూడాలి. లేకపోతే గుంత కాస్తా తొట్టె అయి మొక్క కుళ్లుతుంది. నెల రోజులు ఎండనిచ్చి, పైమట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి కలిపి నింపండి. తోపుగా వేసేవాళ్లు 10 మీటర్లకు ఒకటి చొప్పున ఎకరాకు 40 పెట్టుకోవచ్చు. పిక్క మొలిపించిన మొక్క కాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది, పండు తల్లిచెట్టులా ఉంటుందన్న నమ్మకమూ లేదు. అంటు మొక్క నాలుగో ఏటో అయిదో ఏటో కాయ చూపిస్తుంది. తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 చాలాకాలంగా ఉన్న రకం. మన డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి అనంతపురం పరిశోధన స్థానం నుంచి తెట్టు అమాలిక, ఎర్రగుజ్జు ఉండే అనంత రుధిర వచ్చాయి. ఎర్రచింత చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ మన బజారులో దానికి కొనేవాడు దొరికాకే పెట్టండి. మొక్క కొనేటప్పుడు కాండం మీద అంటు అతుకు కనిపించాలి. అతుకు కింద పుట్టే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. లేత మొక్కల ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు కనిపిస్తే లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది. ఆ తెలుపు తెగులుదో బట్టీ దుమ్ముదో ముందు నీళ్లతో కడిగి చూసుకోండి.

ఎక్కడ పెట్టాలన్నది తగాదాల వ్యవహారం. చింత నీడన పైరు ఎదగదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి నీడ ఉత్తరం వైపు పడుతుంది. ఆ లెక్కన చెట్టు మన ఉత్తరపు గట్టున ఉండాలి. అయితే అవతలి రైతు మిర్చి మీద నీడ పడి పెద్దమనుషుల దాకా పోయిన సందర్భాలు నాకు తెలుసు. ఉత్తరాన డొంకో, వాగో, పోరంబోకో ఉంటేనే అక్కడ పెట్టండి. ఉన్న పాత చెట్టును కొట్టేయాలనుకుంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. బట్టీల వాళ్లకు చింతకట్టె అంటే ఎందుకంత మోజో చింతనిప్పు సెగ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ చెట్టు కొట్టిన డబ్బు ఒక్కసారే వస్తుంది.

ఈ చెట్టు మనదే అని అందరూ అనుకున్నారు, అరబ్బు వర్తకులతో సహా. తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం, అని వాళ్లు పిలిచిన మాటే ఇంగ్లీషు పేరైంది. 1753లో లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలోనూ ఇండికా అనే ఉంది. నిజానికి దాని పుట్టుక ఆఫ్రికా. అయితేనేం, ఊళ్లకు పేరు పెట్టేంతగా పాతుకుపోయింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మారక ముందు ఉన్నది కృష్ణ ఒడ్డున చింతపల్లిలోనే.

పల్నాడు వాళ్లకు దీంతో ఇంకో అవసరం ఉంది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఉన్న ఊళ్లు తక్కువేం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. చారు తాగితే ఫ్లోరోసిస్ నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, మంచినీళ్లకు అది బదులు కాదు. పులుసు మానేయమని ఎవరైనా అంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

కాయ దించాక చెట్టు ఆకు రాల్చి ఎర్రటి చిగురు వేస్తుంది. ఇంట్లో పప్పులోకి అడుగుతారు, బజారులో కిలోకు మంచి ధరా వస్తుంది. పూత వచ్చేది ఆ చిగురు రెమ్మల మీదే అని పైన చెప్పాను కదా. కింది కొమ్మల చిగురు కోసుకోండి, చేతికి అందని పై కొమ్మలు చెట్టుకు వదిలేయండి. చిగురు అమ్ముకోవడానికే చెట్టు ఉంచుకునేవాళ్లు కాపుకో చెట్టు, చిగురుకో చెట్టు అని ముందే విడదీసుకోవడం మేలు.