హవాయి దీవుల్లో రసం పీల్చే పురుగులు - ఒక జాబితా నేర్పే పాఠం

మన రైతు 'చేలో దోమ పడింది' అంటాడు. వరిచేలో పడింది సుడిదోమ కావచ్చు. పత్తిచేలో అయితే పచ్చదోమ కావచ్చు, లేదా తెల్లదోమ కావచ్చు. పేరు చివర 'దోమ' ఉన్నంత మాత్రాన ఇవన్నీ ఒక ఇంటివి కావు. జంతుశాస్త్రం ప్రకారం ఈ మూడూ మూడు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. రాత్రిపూట మనల్ని కుట్టే దోమకూ వీటికీ అసలు చుట్టరికమే లేదు. ఒకదాన్ని చంపే మందు, ఒకదాన్ని తినే శత్రువు, మరొకదానిమీద పనిచేయకపోవచ్చు. కాబట్టి పురుగు పేరు సరిగ్గా తెలుసుకోవడం పండితుల కాలక్షేపం కాదు. పంట నిలబడటానికి అది మొదటి మెట్టు.

ఈ సంగతి స్పష్టంగా తెలియజేసే ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న హవాయి దీవుల్లో దొరుకుతుంది. అక్కడ రసం పీల్చే పురుగుల జాబితా తయారుచేయడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఇంకా పూర్తి కాలేదు. ఆ జాబితా కథను మన కళాశాల మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రసం పీల్చే పురుగులు అంటే ఏవి?

పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ - ఇవన్నీ హెమిప్టెరా అనే క్రమానికి చెందినవి. వీటికి నమిలే దవడలు ఉండవు. వాటికి బదులు సూదుల్లాంటి సన్నని భాగాలు ఉంటాయి. వాటిని ఆకులోకో కాండంలోకో గుచ్చి రసం లాగుతాయి. చాలావాటికి ఆహారం మొక్క పోషక కణజాలంలో ప్రవహించే రసమే. అందులో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన నత్రజని పదార్థాలు తక్కువ. ఆ కొద్దిపాటి నత్రజని కోసం పురుగు అవసరానికి మించి రసం తాగి, మిగిలిన చక్కెరను జిగట చుక్కలుగా వదిలేస్తుంది. అదే తేనెబంక. దానిమీద నల్లని మసిబూజు పెరుగుతుంది. దానికోసమే చీమలు కూడా చేరుతాయి. పైగా ఒక మొక్క రసం పీల్చిన సూదితోనే మరో మొక్కను గుచ్చుతుంది గనుక, వైరస్ తెగుళ్లను మోసుకుపోయేది కూడా ఈ పురుగే.

దీవుల ప్రత్యేకత

హవాయి దీవులు ఏ ఖండం నుంచీ విడిపోయినవి కావు. సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు పైకి లేచి ఏర్పడినవి. అమెరికా తీరానికి దాదాపు 3,800 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అంచేత మనిషి రాకముందు అక్కడికి చేరిన ప్రతి పురుగూ గాలికి కొట్టుకొచ్చిందో, నీటిమీద తేలిన కొమ్మమీద వచ్చిందో అయివుండాలి. అలా చేరినవి బహు కొద్ది. ఆ కొద్ది పురుగుల సంతానమే ఒక్కో దీవిలో, ఒక్కో లోయలో, ఒక్కో మొక్కమీద వేర్వేరు జాతులుగా చీలిపోయింది. ప్రపంచంలో మరెక్కడా లేని కీటక జాతులు ఆ చిన్న దీవుల్లో ఐదువేలకు పైగా ఉన్నాయి.

కొన్ని రకాలు అక్కడికి చేరనే లేదు. హవాయికి స్వంతమైన పేనుబంక ఒక్కటీ లేదు. స్వంతమైన చీమా లేదు. మన పెరట్లో ఏ చిక్కుడు తీగ చూసినా కనిపించే ఈ జంట, లక్షల సంవత్సరాల పాటు ఆ దీవుల్లో లేదంటే వింతగానే ఉంటుంది. ఈ రోజు అక్కడ పేనుబంకలు వందకు పైగా జాతులున్నాయి. అన్నీ మనిషి వెంట, మనిషి తెచ్చిన మొక్కల వెంట వచ్చినవే.

జాబితా ఎలా మొదలైంది?

1892లో ఆర్.సి.ఎల్. పెర్కిన్స్ అనే యువకుణ్ణి ఇంగ్లండు శాస్త్రసంఘాలు హవాయికి పంపాయి. అడవులు నరికివేతకు గురవుతున్నాయి, ఉన్న జీవాలను పోకముందే సేకరించాలన్నది ఆలోచన. ఆయన ఏళ్ల తరబడి కొండలెక్కి, గుడారాల్లో ఉండి సేకరించిన వేలాది నమూనాల ఆధారంగా 'ఫౌనా హవాయియెన్సిస్' అనే గ్రంథం 1899 నుంచి 1913 వరకు వెలువడింది. అందులో హెమిప్టెరా భాగం రాసినవాడు జి.డబ్ల్యు. కిర్కాల్డీ.

ఈ కిర్కాల్డీ సరదా మనిషి. హవాయివి కాని కొన్ని నల్లుల ప్రజాతులకు పెగ్గీకిస్మీ, పాలీకిస్మీ అని పేర్లు పెట్టాడు. ఇంగ్లీషులో పైకి చదివితే 'పెగ్గీ, ముద్దివ్వు' అన్నట్టు వినిపిస్తుంది! నియమాల ప్రకారం ప్రచురించిన పేరు గనుక శాస్త్రం దాన్ని కొట్టివేయలేదు. నేటికీ ఆ పేర్లు అలాగే ఉన్నాయి. సరదా మాట అటుంచితే, హవాయి పురుగులకు సంబంధించినంతవరకు కిర్కాల్డీ చేసిన పని పునాది వంటిది. 1910లో నలభై ఏళ్లు నిండకుండానే ఆయన మరణించాడు.

జాబితాలో ఒక్క పేరు చేర్చడానికి ఎంత పని ఉన్నదో కొంచెం చెప్పుకుందాం. ముందు పురుగును పట్టాలి. కొమ్మ కింద గుడ్డ పరచి కర్రతో తట్టడం, గడ్డిమీద వల ఊపడం మామూలు పద్ధతులు. పట్టిన చోటు, తేదీ, ఎత్తు, ముఖ్యంగా ఏ మొక్కమీద ఉన్నదీ చీటీమీద రాయాలి. పచ్చదోమలు, సుడిదోమల వంటి వాటిలో చాలా జాతులు పైకి ఒకేలా కనిపిస్తాయి. మగ పురుగు జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే తేడా తెలుస్తుంది. పొలుసు పురుగులనైతే శుభ్రపరచి, రంగువేసి, గాజు పలకమీద అమర్చాలి. తరువాత ఇదివరకు ఎవరైనా దీనికి పేరు పెట్టారేమో పాత గ్రంథాలన్నీ వెదకాలి. ఒకే పురుగుకు రెండు పేర్లుంటే ముందుగా ప్రచురించిన పేరే సాధారణంగా నిలుస్తుంది. కొత్తదైతే వర్ణన రాసి, ఆ పేరుకు సాక్ష్యంగా ఒక నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి. ఇంత జరిగాక జాబితాలో పడేది ఒకటి రెండు పంక్తులు మాత్రమే.

చెరకు తోటల గండం

ఆ ఒకటి రెండు పంక్తుల విలువ చెరకు తోటల్లో తేలింది. ఆ రోజుల్లో హవాయి బతుకంతా చెరకుమీద ఆధారపడింది. 1900 ప్రాంతంలో చెరకు ఆకులమీద ఒక చిన్న దోమ కనిపించింది. నాలుగేళ్లు తిరిగేసరికి తోటలకు తోటలే ఎండిపోసాగాయి. ఆడ పురుగు ఆకు నడిమి ఈనెను చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. కాబట్టి పైపై మందులు వాటికి తగలవు.

ఇది ఎవరు? కిర్కాల్డీ 1903లో దీనికి పెర్కిన్సియెల్లా శాకరిసిడా అని పేరు పెట్టాడు. మొదటి మాట పెర్కిన్స్ గౌరవార్థం, రెండవ మాటకు చెరకును చంపేది అని అర్థం. హవాయి అడవుల్లో ఇదే కుటుంబానికి చెందిన స్థానిక జాతులు చాలా ఉన్నాయి. కాని ఇది వాటిలో ఒకటి కాదు. బయటినుంచి, బహుశా విత్తనపు చెరకు ముచ్చెల్లో దాగిన గుడ్ల రూపంలో, వచ్చినది. దాని స్వస్థలం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వైపు అని తేలింది. స్వస్థలం తెలిస్తే అక్కడ దాన్ని అదుపులో ఉంచుతున్న శత్రువులెవరో వెదకవచ్చు గదా!

1904లో పెర్కిన్స్, ఆల్బర్ట్ కేబెలీ క్వీన్స్‌లాండ్ వెళ్లి, ఈ దోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టే అతి చిన్న కందిరీగ జాతి పురుగులను పంపారు. నష్టం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. తరువాత ఫ్రెడరిక్ మ్యూర్ అనే శాస్త్రజ్ఞుడు క్వీన్స్‌లాండ్‌లో వెదుకుతూ ఒక చిన్న నల్లిని గమనించాడు. దాని శాస్త్రీయ నామం నేడు టిట్టస్ ముండ్యులస్. 1896లోనే దానికి పేరు పెట్టారు. దాని కుటుంబంలో చాలా పురుగులు మొక్కల రసం పీల్చేవే. కనుక ఇది కూడా చెరకును పీల్చేదే అనుకోవడం సహజం. కాని మ్యూర్ జాగ్రత్తగా చూడగా అది సూదిని గుచ్చుతున్నది ఈనెలోకి కాదు, ఈనెలో దాగిన దోమ గుడ్లలోకి! పరీక్షలు చేసి 1920లో దాన్ని హవాయి తోటల్లో వదిలారు. మూడు నాలుగేళ్లలో చెరకు దోమ బెడద తీరిపోయింది.

పేరు ఒక్కటే చాలదనీ, పేరు పక్కన 'ఏమి తింటుంది' అన్న గడి కూడా నిండాలనీ ఈ ఉదంతం చెబుతున్నది. హవాయిలో చివరి పెద్ద చెరకు తోట 2016లో వేరే కారణాల వల్ల మూతబడింది. అయితే అప్పటి జాబితా మాత్రం పనికివస్తూనే ఉన్నది.

స్థానికులు, వలసదారులు

1948లో ఎల్వుడ్ జిమ్మర్‌మన్ 'ఇన్‌సెక్ట్స్ ఆఫ్ హవాయి' అనే గ్రంథమాలలో మొదటి ఐదు సంపుటాలు ప్రచురించాడు. అందులో మూడు సంపుటాలు పూర్తిగా హెమిప్టెరాకు సంబంధించినవే. ఇలాంటి జాబితాలో ప్రతి పేరు ఎదుటా రాసే ముఖ్యమైన మాట ఒకటుంది - స్థానికమా, వలస వచ్చిందా అని. వలస వచ్చినవాటివల్ల అరటి, అనాస తోటలు పడ్డ బాధలు ఇన్నీ అన్నీ కావు. అనాసలో పిండినల్లిని బయటినుంచి వచ్చిన పెద్దతల చీమ కాపలా కాసింది. అరటి పేనుబంక మోసే వెర్రితల తెగులు 1989లో అక్కడ బయటపడింది.

స్థానికమైనవి మాత్రం ఎవరి జోలికీ పోవు. ఎక్కువభాగం ఏదో ఒక అడవి మొక్కనే నమ్ముకొని బతుకుతాయి. ఒహియా అనే ఒక్క చెట్టుమీదనే సిల్లిడ్ అనే చిన్న పురుగులు 35కు పైగా జాతులున్నట్టు 2017లో తేలింది. అంతకంటె వింత, లావా సొరంగాల్లో ఉన్నది. ఫ్రాన్సిస్ హోవర్త్ 1971లో ఆ చీకటి గుహల్లో జీవజాలాన్ని కనుగొన్నాడు. పైనున్న ఒహియా చెట్ల వేళ్లు గుహ పైకప్పు నుంచి వేలాడుతుంటే, కళ్లు లేని తెల్లని దోమ ఒకటి వాటి రసం పీలుస్తూ బతుకుతున్నది. చీకట్లో ఆడ మగ ఒకదాన్నొకటి పిలుచుకునేది వేళ్లను కంపింపజేసి! ఒక్కో గుహలో ఆ కంపనాల పాట ఒక్కో రకంగా ఉన్నదని 1993లో తెలిపారు. అనగా, ఒక పేరు కింద రాసినది నిజానికి పలు జాతులు కావచ్చునన్నమాట. 2014లో ఒక శిలీంధ్రం వల్లనని గుర్తించిన తెగులు ఒహియా చెట్లను పెద్ద ఎత్తున చంపుతున్నది. చెట్టు పోతే దాన్ని నమ్ముకున్న పురుగులూ పోతాయి. కొన్ని పేరు పెట్టకముందే పోవచ్చు.

మనకేమిటి?

చెరకు దోమా, మన వరి సుడిదోమా ఒకే కుటుంబానివి. హవాయిని గట్టెక్కించిన నల్లికి దగ్గరి బంధువైన ఆకుపచ్చ నల్లి మన వరిచేలల్లోనే ఉండి సుడిదోమ గుడ్లను తింటుంది. అది శత్రువో మిత్రుడో తెలియక విచ్చలవిడిగా మందు కొడితే ముందు చచ్చేది అదే. తరువాత దోమ రెట్టింపై లేస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిమీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది అందుకే. మన దేశంలో 2008లో కనిపించిన బొప్పాయి పిండినల్లిని కూడా, అది ఎక్కడిదో ఏమిటో తెలిసినందునే, 2010లో తెప్పించిన పరాన్నజీవులతో అదుపు చేయగలిగారు. కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమ 2016లో వచ్చింది. రేపు మరొకటి వస్తుంది. అది కొత్తదని గుర్తుపట్టాలంటే ముందు పాతవేవో రాసి ఉండాలి.

ఆ పనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక వల, ఒక భూతద్దం, కొన్ని సీసాలు, ఓపిక ఉంటే డిగ్రీ విద్యార్థి కూడా తన ఊరి మొక్కలమీది పురుగుల జాబితా మొదలుపెట్టవచ్చు. పట్టిన ప్రతి పురుగుకూ ఊరు, తేదీ, మొక్క పేరు రాయాలి. ఆ మూడూ లేని పురుగు ఎంత అందంగా గుచ్చినా అట్టపెట్టెలో చెత్తే. ఆ మూడూ ఉంటే, ఎప్పుడో ఒకనాడు ఒక రైతు చేనును కాపాడే సాక్ష్యం.