వేరు కాపురము పెట్టిన లైబ్రరీ

ప్రశ్న: మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోని యొక లైబ్రరీని ఇతరులును వాడుచున్నారు. దానికి వేరుగా సంఘము నేర్పరుపవచ్చునా?
— ఒక పాఠకుడు, రైల్వే కాలనీ, బిలాస్‌పూర్

జవాబు: మీ ఊరే మీకు ఉదాహరణము. ఆగ్నేయ రైల్వేలో నొక డివిజనుగా నుండిన బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైనప్పుడు, అధికారము వేరయ్యెనే గాని పట్టాలు తెగలేదు.

లైబ్రరీలలోను ఇట్టి దృష్టాంతము కలదు. 'స్త్రీ' అను నొక్క యక్షరమును తెరపై కూర్చుటకు సకారమును, దాని క్రింది తావత్తు రావత్తులను, పైని దీర్ఘమును యథాస్థానములలో నిలుపు హార్ఫ్‌బజ్ లైబ్రరీ, మొదట ఫ్రీటైప్ ప్రాజెక్టులోని కోడుగా పుట్టి, పిదప పాంగో, క్యూటీ అను ప్రాజెక్టులలో వేరువేరు ప్రతులుగా పెరిగి, ఒకే దిద్దుబాటును రెండు చోట్ల చేయవలసిన యవస్థ తొలగునట్లు 2006లో ఉమ్మడి ప్రాజెక్టుగా వెలసెను. అనంతరము ప్రోగ్రామరు బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ దానిని తిరుగ వ్రాసెను. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రె ఆఫీస్ మూడును దానినే యాశ్రయించుచున్నవి.

కావున రెపోజిటరీని విడదీయుట కడపటి పని. ముందుగా లైబ్రరీకి సొంత వెర్షన్ సంఖ్యను, తల్లి ప్రాజెక్టు లేకయే నడచు పరీక్షలను ఏర్పరుపుడు. వెలుపలి వాడుకరులలో నొకరికైనను మార్పులను ఆమోదించు హక్కు నిండు. అందుకు మనసొప్పనిచో (సాధారణముగా నొప్పదు) ఉమ్మడి కాపురమే మేలు.