పండక్కి ఊరెళ్తే కుక్క సంగతి?

ప్రశ్న: సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నాం. మా మూడేళ్ల లాబ్రడార్‌ను మొదటిసారి బోర్డింగ్‌లో ఉంచాలి. ముందుగా ఏం చేయాలి డాక్టరుగారూ?

జవాబు: ముందు టీకాల కార్డు తీయండి. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల గడువు దాటితే కనీసం రెండు వారాల ముందే వేయించండి. వేసిన మర్నాటికే రక్షణ రాదు. పది కుక్కలు చేరేచోట కెన్నెల్ కాఫ్ అనే దగ్గు తేలిగ్గా అంటుకుంటుంది కనుక దాని టీకా గురించీ అడగండి. పిడుదుల మందు మరవొద్దు.

అంతకన్నా ముఖ్యం, పండక్కి ముందే ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. తిన్నదా, పడుకుందా కనుక్కోండి. గదులు చూపించడానికి నసిగే చోటైతే నేను కుక్కను వదలను! ఇంట్లో తినే తిండే పూటల లెక్కన కట్టి పంపండి, ఒక్కసారిగా తిండి మారితే విరేచనాలు పట్టుకుంటాయి. మీ వాసన తగిలేలా ఉతకని మీ పాత చొక్కా ఒకటి పక్కలో వేయమనండి. దింపేటప్పుడు వీడ్కోళ్లు సాగదీయకుండా, తాడు వాళ్ల చేతికిచ్చి వచ్చేయండి.