పాత లింకు తెగకుండా

చి. బుజ్జికి,


మీ పత్రిక వెబ్‌సైట్ కొత్త డొమైన్‌కి మారుతోందనీ, ఆ పని నీ నెత్తిన పెట్టారనీ అక్క ఫోన్‌లో చెప్పింది. ఆఫీసులో అందరూ కొత్త డిజైన్ చూసి మురిసిపోతున్నారట. మురవనీ. నీకు అప్పజెప్పింది మాత్రం యూఆర్ఎల్‌లు. ఎవరూ మెచ్చుకోరు, తేడా వస్తే అందరూ అడుగుతారు.

ముందు జాబితా తయారుచేయి. పాత యూఆర్ఎల్ ఒక గడిలో, అది వెళ్లాల్సిన కొత్త యూఆర్ఎల్ పక్క గడిలో. సైట్‌మ్యాప్ ఒక్కటే నమ్ముకోకు. సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు వస్తున్న పేజీలు, బయటి సైట్లు లింకు ఇచ్చిన పేజీలు, సర్వర్ లాగ్‌లో జనం ఇంకా అడుగుతున్న చిరునామాలు, ఇవన్నీ కలిపితేగానీ లెక్క తేలదు. ఫొటోల యూఆర్ఎల్‌లు కూడా అందులో వేయి. వాటిని అందరూ మర్చిపోతారు. ఊళ్లో భూముల రీసర్వే అయ్యాక పొలానికి కొత్త ఎల్పీఎం నంబరు వచ్చింది కదా, దానికి పాత సర్వే నంబరు ఏదో జత కలిపి చూపించలేక బ్యాంకులో ఎంత తిరగాల్సి వచ్చిందో మీ నాన్నని అడుగు. నీ షీట్ చేసేది ఆ జత కలిపే పనే.

మీ పాత యూఆర్ఎల్‌లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి కాబట్టి ఇంగ్లిష్ సైట్లవాళ్లకు లేని చిక్కు నీకుంది. బ్రౌజర్‌లో తెలుగు కనిపించినా లోపల అది శాతం గుర్తుల దండ. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కోటీ 3 బైట్లు. యూఆర్ఎల్‌లోకి వచ్చేసరికి ఒక్కోటీ 9 క్యారెక్టర్లు. ‘తెలుగు’ అన్న చిన్న మాటకే 54 అయిపోతాయి. యూఆర్ఎల్‌లో శీర్షిక నుంచి వచ్చే భాగానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చేది 200. అందుకే పొడుగు శీర్షికలు మాట మధ్యలో తెగిపోయి ఉంటాయి. శీర్షికను బట్టి యూఆర్ఎల్ ఊహించి షీట్ నింపావో, లేని చిరునామాలకి రీడైరెక్ట్ రాసినట్టే. డేటాబేస్‌లోంచి ఉన్నదున్నట్టు తీసుకో.

కంటికి కనపడని దొంగ ఇంకొకడున్నాడు. ‘ఫేస్‌బుక్’ అని రాసేటప్పుడు సకారప్పొల్లు కింద బ ఒత్తు పడకుండా మధ్యలో ఒక క్యారెక్టర్ వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. పాత వ్యాసాల యూఆర్ఎల్‌లలో అది ఉండిపోయి ఉండొచ్చు. అది ఉన్న యూఆర్ఎల్ వేరు, లేనిది వేరు. షీట్‌లోకి కాపీ చేసేటప్పుడు జారిపోతే నీకు తెలియదు, ఆ రీడైరెక్ట్ మాత్రం పనిచేయదు. అలాంటి మాటలున్న వరుసల్ని విడిగా తీసి ఒక్కొక్కటీ నొక్కి చూడు.

రీడైరెక్ట్ 301 పెట్టమను. 302 అంటే తాత్కాలికం అని అర్థం. రీడైరెక్ట్ వల్ల పేజ్‌ర్యాంక్ కరిగిపోతుందని భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా పోదని గూగుల్ వాళ్లు 2016లోనే చెప్పారు. పాత దాని నుంచి కొత్తదానికి ఒక్క గెంతులో వెళ్లాలి. ఇంతకుముందు ఎప్పుడో పెట్టిన రీడైరెక్ట్‌లు ఉంటే వాటినీ నేరుగా కొత్త పేజీకే తిప్పించు. గూగుల్‌బాట్ 10 గెంతుల దాకా ఓపిక పడుతుంది, ఫోన్‌లో చదివే మనిషి పడడు.

పని తగ్గుతుందని పాతవన్నీ హోమ్‌పేజీకి తిప్పేద్దామని ఎవరైనా అంటారు, ఒప్పుకోకు. ఉగాది పచ్చడి కోసం వచ్చినవాడికి హోమ్‌పేజీ ఎందుకు? గూగుల్ కూడా దాన్ని లేని పేజీ కిందే జమకడుతుంది. నిజంగా తీసేసిన పేజీకి 404 చూపించడమే మర్యాద.

మార్చే రోజు ఎన్నికల ఫలితాల వారంలోనో, సంక్రాంతి సినిమాల వారంలోనో పడకుండా చూసుకో. టెస్టింగ్ కోసం కొత్త సైట్‌కి పెట్టిన నోఇండెక్స్ తీశారో లేదో నువ్వే చూడు. పాత సైట్ మూసేశాం కదా అని రోబోట్స్ ఫైల్‌లో దాన్ని అడ్డుకుంటారు కొందరు. అప్పుడు గూగుల్‌కి ఆ 301 కనిపించేదెలా? సైట్ లోపలి లింకుల్ని కొత్త యూఆర్ఎల్‌లకే మార్పించు. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు చెప్పే టూల్ ఉంది, డొమైన్ మారుతోంది కాబట్టి అది వాడు. ఒకే డొమైన్‌లో యూఆర్ఎల్‌లు మాత్రం మార్చుకునేవాళ్లకు అది పనికిరాదు.

తర్వాత కొన్ని వారాలు ర్యాంకులు ఊగుతాయి. ఈ మాట మీ ఎడిటర్‌గారికి ముందే చెప్పి ఉంచు, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది. ఆ కంగారులో శీర్షికలూ, విభాగాలూ కూడా మారుద్దామంటారు. వద్దను. అన్నీ ఒకేసారి కదిపితే దేనివల్ల పడిందో ఎవరూ చెప్పలేరు.

రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. నన్నడిగితే ఎప్పటికీ తీయొద్దు. పాఠకుల వాట్సాప్‌లలో, పాత పుస్తకాల అట్టల వెనక ఉన్న మీ లింకులకి గడువేమీ లేదు. పాత డొమైన్ వదిలేస్తే రేపు ఎవడైనా కొనుక్కుని ఏదైనా పెట్టుకోవచ్చు. దాని రెన్యువల్ ఎవరి పేరు మీద ఉందో, డబ్బు ఎవరి కార్డులోంచి పోతోందో ఈ సోమవారమే కనుక్కో.

ఇట్లు,
మామయ్య