పాత కారులోని ఆటోమేటిక్ గేరుపెట్టె: సంరక్షణ, దోషనిర్ణయము

హకీము రోగిని చూచిన వెంటనే కత్తి పట్టడు. ముందుగా నాడి చూచును, నాలుక చూచును, నిద్రాహారములను గూర్చి అడుగును. పాత కారులోని ఆటోమేటిక్ గేరుపెట్టెను బాగుచేయువానికిని ఇదియే మార్గము. విప్పిన పెట్టెను మరల కూర్చుటకు ప్రత్యేక పరికరములు, శుభ్రమైన స్థలము, దీర్ఘానుభవము కావలెను. కావున విప్పుట చివరి చికిత్స.

నిర్మాణము

అంబాసిడర్, ఫియట్ కార్లలో క్లచ్చి తొక్కి చేతితో గేరు మార్చుట మన పెద్దలకు అలవాటైన పని. ఆ రెండు పనులను యంత్రమే చేసికొనుట ఆటోమేటిక్ పద్ధతి. జనరల్ మోటార్స్ సంస్థ 1964 మోడలు కాడిలాక్, బ్యూక్ కార్లలో ప్రవేశపెట్టిన టర్బో హైడ్రామాటిక్ 400 ను ఉదాహరణముగా గ్రహింతము. రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడో కారునందును ఇది వాడబడినది.

ఇందు ముందుకు మూడు గేర్లు కలవు. ఇంజనుకును గేర్లకును నడుమ టార్క్ కన్వర్టరు ఉండును. అందలి ఒక చక్రము విసరిన నూనె ఎదుటి చక్రమును త్రిప్పును. పంపు పుట్టించు నూనె ఒత్తిడియే లోపలి క్లచ్చి పలకలను అదిమి గేర్లను మార్చును. ఆ నూనెయే భాగములు అరుగకుండ కాపాడును. వేడిని మోసికొనిపోయి రేడియేటరు వద్ద చల్లారి తిరిగివచ్చును. నూనె తగ్గినచో పంపు గాలి పీల్చును, ఒత్తిడి పడిపోవును, పలకలు జారి మాడిపోవును.

నూనె పరీక్ష

కారును కొంతదూరము నడిపి, నూనె వేడెక్కిన పిదప, సమతల భూమిపై నిలిపి, చేతిబ్రేకు వేయవలెను. ఇంజను నడుచుచుండగనే గేరు మీటను అన్ని స్థానములకు త్రిప్పి ‘పార్కు’లో ఉంచి కొలకడ్డీని తీయవలెను. కడ్డీపై రెండు గుర్తుల నడుమ భేదము సుమారు అర లీటరు మాత్రమే. అధికముగా పోసినను కీడే. తిరుగు భాగములు నూనెను చిలికి నురుగు చేయును.

ఎఱ్ఱని నూనె ఆరోగ్యచిహ్నము. గోధుమరంగు, మాడువాసన ఉన్నచో పలకలు కాలినవి. గులాబి రంగు పాలవలె ఉన్నచో రేడియేటరులోని నీరు కలిసినది. అట్టి కారును నడుపరాదు. ఈ పెట్టెకు డెక్స్‌రాన్ జాతి నూనె తగును. పాత ఫోర్డు పెట్టెలకు నిర్దేశించిన టైప్ ఎఫ్ నూనె రాపిడి గుణము వేరు గనుక దీనిలో పోయరాదు.

మోసగించు దోషము

నేలపై నూనె చుక్క కనబడదు. అయినను నూనె తగ్గుచుండును. వెనుకనుండి తెల్లని పొగ వచ్చును. గేర్లు ఆలస్యముగా, కుదుపుతో మారును. తెలియనివాడు ఇంజను పాడైనదనును, లేదా గేరుపెట్టె పోయినదనును. నిజమునకు కారణము వాక్యూమ్ మాడ్యులేటరు అను చిన్న డబ్బా కావచ్చును. ఇంజను ఎంత బరువు మోయుచున్నదో గేరుపెట్టెకు తెలుపుట దీని పని. లోపలి పలుచని పొర చినిగినచో ఇంజను ఆ గొట్టము గుండ గేరునూనెను పీల్చి కాల్చును. ఇంజను ఆపి గొట్టమును ఊడదీసి చూడవలెను. అందు ఎఱ్ఱని నూనె తడి ఉన్నచో దోషము తేలినట్లే. ఈ డబ్బాను పట్టి ఉంచునది ఒకే బోల్టు. నూనె తడి లేక, కుదుపు మాత్రమే ఉన్నచో గొట్టము పగిలినదేమో చూడవలెను.

రెండు హెచ్చరికలు

ఇంజను ఆగిన కారును వెనుక చక్రములు నేలపై దొర్లునట్లు లాగరాదు; పంపు నడువనందున లోపలి భాగములకు నూనె అందదు. కేవలము జాకీని నమ్మి కారు క్రిందికి దూరరాదు. దృఢమైన స్టాండ్లు పెట్టవలెను.

విద్యార్థులారా! కారు యజమానికి లోపలి సంగతి తెలియదు. మన మాటనే నమ్మును. ఒక బోల్టుతో తీరు దోషమునకు పెట్టెనంతయు విప్పి సొమ్ము పుచ్చుకొనుట ఆ నమ్మకమును చెఱచుటయే. మన చేతికి అప్పగించిన యంత్రము అమానతు. దానిని కాపాడుటకు తొలి సాధనము పానా కాదు, పరిశీలన.