చలితోనే మందం రాదు

సింధూ,

నువ్వు పంపిన ఆర్కిటిక్ పటం చూశాను. రంగులు బాగా కుదిరాయి. కింద 'చలి ఎక్కువైన చోట మంచు మందం' అని రాశావే, ఆ వాక్యం మాత్రం కొట్టెయ్యి తల్లీ. సైబీరియా చలి తక్కువేం కాదు, అయినా ఆ తీరం పక్కన సముద్రపు మంచు పల్చన. గ్రీన్‌లాండ్‌కు ఉత్తరాన, కెనడా దీవుల ఒడ్డున దళసరి. ఎందుకంటావు?

కదలకుండా ఒకచోట ఉన్న మంచు ఒక శీతాకాలంలో మహా అయితే రెండు మీటర్లు పెరుగుతుంది. మందమయ్యేకొద్దీ అడుగు నీటి వేడిని పైకి పోనివ్వదు, అందుకే ఏళ్లు గడిచినా మూడు మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంతకు మించితే దాన్ని ఎవరో నెట్టారన్నమాటే. గాలీ ప్రవాహమూ పలకలను ఒడ్డుకు తోస్తే, గోడకు నెట్టిన చాపలా ముడుచుకుని గుట్టలవుతాయి. గుట్ట కనిపించేది కొంచెమే. నీటి కింద ఇరవై మీటర్లకు పైగా దిగినవీ ఉన్నాయి.

సైబీరియా ఒడ్డునున్న లాప్టెవ్ సముద్రంలో కథ తిరగబడుతుంది. తీరం నుంచి వీచే గాలి మంచును లోపలికి తోసేస్తే నీళ్లు బయటపడతాయి. సున్నాకు ముప్పై డిగ్రీలు తక్కువున్న గాలి తగిలితే గంటల్లోనే కొత్త పొర కడుతుంది. పల్చటి పొరే వేగంగా పెరుగుతుంది కాబట్టి, అక్కడ సగటు మందం తగ్గినా పుట్టే మంచు ఎక్కువ. నీ పటంలో పల్చగా కనిపించే మూల నిజానికి మంచు కార్ఖానా!

ఆ మంచు ఎటు పోతుందంటావా? నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడను సైబీరియా వైపు మంచులో కావాలనే ఇరికించాడు. 1896లో అది స్వాల్బార్డ్ దీవుల దగ్గర బయటపడింది. నీ పటంలోని మంచులో కొంత ఆ దారినే వస్తుంది. మంచు గాలి దిశకు కుడివైపు ఇరవై నుంచి నలభై డిగ్రీలు తప్పుకుంటోందని ఆయనే గమనించాడు. భూభ్రమణమే కారణమని 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ లెక్కగట్టి చూపాడు. గాలి బాణాలనే మంచు బాణాలుగా గీయకు. మంచు వేగం గాలి వేగంలో సుమారు రెండు శాతమే.

మందం లెక్క గురించి ఇంకో మాట: ఉపగ్రహం కొలిచేది మంచులో నీటిపై తేలే పదో వంతే. అక్కడ జానెడు తప్పితే మందంలో బారెడు తప్పుతుంది. గుట్టలున్న చోట మరీ జాగ్రత్త.

ఈసారి ఫిబ్రవరి పటం మీద అంతకు ముందు మూడు నెలల కదలిక బాణాలు కూడా వేసి పంపు. లాప్టెవ్ మూల నుంచి మొదలుపెట్టు.

పెదనాన్న