కెనరీకి అరువు గొంతు



1929 ఫిబ్రవరిలో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన ‘ది కెనరీ మర్డర్ కేస్’ హాలీవుడ్‌లో టాకీలు నిలదొక్కుకుంటున్న రోజుల నాటి డిటెక్టివ్ సినిమా. ఎస్.ఎస్. వాన్ డైన్ అనే కలం పేరుతో విల్లార్డ్ హంటింగ్టన్ రైట్ 1927లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. 1923లో న్యూయార్క్‌లో డాట్ కింగ్ అనే యువతి హత్యకు గురైంది. నవల పుట్టింది ఆ ఉదంతం లోంచే. ‘కెనరీ’గా ఊరంతా పిలుచుకునే రంగస్థల తార మార్గరెట్ ఓడెల్ డబ్బున్న పెద్దమనుషులను బెదిరించి సొమ్ము గుంజుతూ ఉంటుంది. ఒక రాత్రి తన ఫ్లాట్‌లోనే శవమై తేలుతుంది. పోలీసులకు అంతుపట్టని ఆ ముడిని ఫైలో వాన్స్ అనే ఔత్సాహిక పరిశోధకుడు విప్పుతాడు. వాన్స్‌గా విలియం పావెల్, కెనరీగా లూయీజ్ బ్రూక్స్ నటించారు.

ఈ సినిమాలో తప్పులు పట్టడం ఎవరికైనా తేలికే. ఏ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడమే కష్టం. సినిమాల మీద కొత్తగా కలం పట్టినవారు తరచు అన్నింటినీ ఒకే గాటన కట్టేసి, అప్పటి యంత్రాలు అంతే కదా అని సరిపెట్టేస్తారు. యంత్రాల మీద వేయవలసిన నింద కొంత ఉంది. సంస్థ తొందరపాటు, రచనలోని బలహీనత అంతకన్నా పెద్దవి. వీటిని విడదీసి చూడకపోతే ఆనాడు శబ్దంతో కుస్తీపట్టిన కళాకారులకు అన్యాయం జరుగుతుంది.

యంత్రాల సంగతి ముందు. అప్పటి కెమెరా తిరుగుతుంటే చేసే రొద మైకులో పడేది. అందుకని కెమెరానూ దాన్ని నడిపే మనిషినీ కలిపి అద్దం బిగించిన గదిలో పెట్టి తలుపు మూసేవారు. మూకీల చివరి సంవత్సరాల్లో హాయిగా తిరిగిన కెమెరా ఒక్కసారిగా గోడకు అంటుకుపోయింది. మైకును పూలకుండీలోనో దీపస్తంభం చాటునో దాచేవారు. నటులు దాని చుట్టూనే తచ్చాడుతూ మాట్లాడాలి. మాటల వెనుక తర్వాత సంగీతం కలపడం కూడా కష్టమే. ‘కెనరీ’లో అనుమానితులు వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు సాగదీసి జవాబులు చెప్పడం, మాటకూ మాటకూ మధ్య హాలంతా బావిలా నిశ్శబ్దమైపోవడం ఈ ఇబ్బందుల ఫలితమే. వీటిని చెప్పి ముందుకు సాగిపోవచ్చు.

సంస్థ చేసిన తప్పు దగ్గర మాత్రం ఆగాలి. మాల్కమ్ సెయింట్ క్లేర్ ఈ సినిమాను మూకీగా తీసి ముగించాడు. ఈలోగా టాకీల గిరాకీ పెరగడంతో దీనికీ మాటలు అతికించాలని పారమౌంట్ నిర్ణయించింది. శబ్దం ఉన్న భాగాలను ఫ్రాంక్ టటిల్ తీశాడు. అప్పటికి లూయీజ్ బ్రూక్స్ అక్కడ లేదు. జీతం పెంపు దగ్గర సంస్థతో మాట తేడా వచ్చి, జి.డబ్ల్యు. పాబ్స్ట్ తీస్తున్న ‘పాండోరాస్ బాక్స్’లో నటించడానికి బెర్లిన్ వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి మాటలు చెప్పమంటే రానంది. సంస్థ మార్గరెట్ లివింగ్‌స్టన్‌ను పిలిపించి బ్రూక్స్ పాత్రకు గొంతు ఇప్పించింది. 1927లో ముర్నావ్ తీసిన ‘సన్‌రైజ్’లో పట్నం పిల్లగా వేసిన నటి ఈమే. బ్రూక్స్ గొంతు టాకీలకు పనికిరాదన్న మాటను సంస్థే బయటికి వదిలిందని బ్రూక్స్ తర్వాత చెప్పుకుంది. హాలీవుడ్‌లో ఆమె జీవితం ఆ దెబ్బకు తిరిగి కోలుకోలేదు.

తెలుగు ప్రేక్షకుడికి అరువు గొంతు కొత్త కాదు. ఉత్తరాది నుంచి వచ్చిన ఎందరో కథానాయికలు మన తెరమీద వేరొకరి గొంతుతోనే మాట్లాడారు. అవి చాలావరకు కుదిరాయంటే, ముఖానికి తగిన గొంతును వెతికి, పెదవుల కదలికను చూస్తూ మళ్లీ మళ్లీ చెప్పించినందువల్లే. ‘కెనరీ’లో ఆ ఓపిక కనిపించదు. ఈకల దుస్తుల్లో ఊయలెక్కి ప్రేక్షకుల తలల మీదుగా తూగుతూ వచ్చే బ్రూక్స్‌ను చూడండి. ఆ మెడ వంపు, నుదుటి మీద కత్తిరించిన జుట్టు, కళ్లలోని తుంటరితనం అన్నీ మాటల్లేకుండానే మాట్లాడతాయి. తర్వాతి దృశ్యంలో ఆమె నోరు విప్పగానే ఆ మనిషి మాయమైపోతుంది. గొంతు ఒక చోట, ముఖం ఇంకో చోట. అతుకు కనబడకుండా ఉండాలని ముఖాన్ని పక్కకు తిప్పడం, వెనుక నుంచి చూపడం జరిగింది. తెరమీద అందరికన్నా సజీవంగా ఉన్న మనిషి ముఖమే ఆ విధంగా దాగిపోయింది.

ఈ అతుకు కథ గుండెకే తగిలింది. నవలలో హంతకుడు బాధితురాలి గదిలోంచి బయటకు వచ్చి, టెలిఫోన్ ఆపరేటర్‌తో మాట్లాడుతూ నిలబడతాడు. అంతలో లోపలి నుంచి కేక వినిపిస్తుంది. అతను తలుపు తడితే, ఏమీ కాలేదు వెళ్లిపొమ్మని జవాబు వస్తుంది. కాబట్టి అతను బయటకు వచ్చేసరికి ఆమె బతికే ఉందని అందరూ నమ్ముతారు. అసలు ఆ గొంతు గ్రామఫోన్ రికార్డుది. శబ్దం మీద ఆధారపడ్డ ఈ చిక్కు టాకీ కోసమే పుట్టినట్టుంది. మూకీలో దాన్ని అక్షరాలతో చెప్పవలసి వచ్చేది. టాకీలో ప్రేక్షకుడి చెవినే మోసగించి, తర్వాత ఆ చెవితోనే నిజం వినిపించవచ్చు. అందుకు ప్రాణమున్న గొంతుకూ రికార్డు గొంతుకూ తేడా తెలియాలి. ఇక్కడ కెనరీ బతికుండగా పలికిందే పరాయి గొంతు. మిగతా వారి మాటలూ గరగరలాడే ధ్వనిలోనే వస్తాయి. రహస్యం విప్పే క్షణంలో రావలసిన ఒళ్లు జలదరింపు రాదు. ఈ సినిమా లోపాలన్నింటిలో అతి బాధాకరమైనది ఇదే.

రచన సంగతి. వాన్స్ పద్ధతి మనస్తత్వం మీద నడుస్తుంది. హత్య జరిగిన తీరు చూసి ఎలాంటి మనిషి చేశాడో ఊహిస్తాడు, అనుమానితులను పేకాటకు పిలిచి ఎవరు ఎంత తెగిస్తారో గమనిస్తాడు. చేతిలోని ముక్కలు, పందెం పెంచే వేళ్లు, రెప్పపాటు తడబాటు తెరకు దొరికిన వరాలు. చూపుతో చెప్పవలసిన ఆ ఘట్టాన్ని కూడా సినిమా మాటలతో నెట్టుకొస్తుంది. ఇక కెనరీ చనిపోయాక కథకు ఊపిరి ఇవ్వగల మనిషి పావెల్ ఒక్కడే. మూకీల్లో దుష్టపాత్రలు వేసిన పావెల్‌కు రంగస్థల అనుభవం ఉంది, తొందరపడని గొంతు ఉంది. నవలలోని వాన్స్ పాండిత్య ప్రదర్శన విసిగిస్తుంది. పావెల్ దాన్ని తగ్గించి మర్యాదగా, మెత్తగా పలికాడు. ఈ సినిమాలో శబ్దం వల్ల నిజంగా లాభపడిన నటుడు అతనే.

యంత్రాల వాదన ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే అదే ఏడాది ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘బ్లాక్‌మెయిల్’ను పక్కన పెట్టాలి. అదీ మూకీగా మొదలై టాకీగా మారిందే. అక్కడి కథానాయిక అనీ ఆండ్రాది చెక్ యాస కావడంతో ఇంగ్లిషు కుదరలేదు. డబ్బింగు సదుపాయం లేక, జోన్ బ్యారీ కెమెరాకు కనబడకుండా మైకు ముందు మాటలు చెబుతుంటే ఆండ్రా పెదవులు కదిపింది. అయినా హిచ్‌కాక్ శబ్దాన్ని కథలో భాగం చేశాడు. హత్య చేసి ఇంటికి వచ్చిన అమ్మాయి దగ్గర పొరుగింటావిడ ఊసుపోక కబుర్లు చెబుతుంటే, మిగతా మాటలన్నీ మసకబారి ‘కత్తి’ అన్న మాట ఒక్కటే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ రోజుల యంత్రాలతోనే, అలాంటి అరువు గొంతుతోనే ఇంత సాధ్యమైంది.

వాన్స్ సినిమాలు ‘కెనరీ’తో ఆగలేదు. పావెల్ పారమౌంట్‌లోనే 1929లో ‘ది గ్రీన్ మర్డర్ కేస్’, 1930లో ‘ది బెన్సన్ మర్డర్ కేస్’ చేశాడు. 1933లో వార్నర్ బ్రదర్స్ సంస్థకు మైకెల్ కర్టిజ్ తీసిన ‘ది కెన్నెల్ మర్డర్ కేస్’కు వచ్చేసరికి కెమెరా మళ్లీ నడక నేర్చింది. నిడివి 73 నిమిషాలే, ఒక్క దృశ్యమూ ఊరికే నిలబడదు. హత్య జరిగిన తీరును వాన్స్ చెబుతుంటే కెమెరా ఆ ఇంట్లోకి వెళ్లి చూపిస్తుంది. ‘కెనరీ’, ‘కెన్నెల్’ రెండూ ఒకే సాయంత్రం వెంటవెంటనే చూడదగినవి. వాన్స్ రెండింట్లోనూ పావెలే, పోలీసు సార్జెంట్ హీత్ రెండింట్లోనూ యూజీన్ పాలెట్టే కాబట్టి, నాలుగేళ్లలో మారిందేమిటో పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు.